చాడీకోరు బిళ్ళ

తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఈసారి అంతకంటే తీపి మాటలేం లేవు.

ఫోన్లో అయితే నన్ను మాట్లాడనివ్వవని ఉత్తరం రాస్తున్నాను. షుగర్ చూడ్డానికని నువ్వు నా ఎడమచేతికి అతికించి వెళ్ళిన బిళ్ళ, ఎప్పటికప్పుడు నీ ఫోనుకి చాడీలు మోస్తోంది. నిన్న మా కుట్టు దుకాణంలో, బట్టలు కత్తిరించే బల్ల మీద కాస్త నడుం వాల్చాను. అంతే, షుగర్ పడిపోయిందని మీ బావకి ఫోన్ చేశావట! ఆయన నన్ను కుదిపి లేపి, గ్లాసుడు పళ్ళరసం తాగేదాకా వదల్లేదు. సగం ఎవరిదో కొత్త కోటు మీద ఒలికింది.

ఇట్లు,
నీ అక్క

తా.క.: కోటు ఆసామికి నీ నంబరిచ్చాను.

---

అక్కకి నమస్కారాలు.

యాభై రెండు చూపిస్తే చేతులు కట్టుకుని కూర్చోనా? కంపెనీవాళ్ళని అడిగాను. బిళ్ళ ఉన్న చెయ్యి మీద పడుకుంటే లేనిపోని తక్కువ చూపిస్తుందట. సరే, అది నా పొరపాటే. మరి ఆ తర్వాత రెండొందల అరవైకి ఎలా ఎక్కింది? నువ్వు దొంగచాటుగా స్వీట్లు తింటున్నావని బావగారే చెప్పారు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: కోటు ఆయన రోజూ ఫోన్ చేస్తున్నారు.

---

తమ్ముడికి,

ఆశీస్సుల సంగతి తర్వాత చూద్దాం. రసం మీరే తాగించి, షుగర్ ఎక్కిందని మీరే నిలదీస్తారా? పైగా సాక్షి మీ బావా! నా వాటా స్వీట్లు కూడా తినేసి, తనకి ఏ జబ్బూ లేదని మీసం తిప్పే మనిషి! పాత బిళ్ళ గడువు తీరింది, కొత్తది పెట్టేశాం. కళ్ళారా చూసుకో. నీ యంత్రం ఎంత అబద్ధాలకోరో నేనే తేలుస్తాను.

ఇట్లు,
ఏ పాపమూ ఎరగని నీ అక్క

---

అక్కా,

నమస్కారం పెట్టే ఓపిక లేదు. పరగడుపున రెండొందల యాభై! తిన్నాక మూడొందల ముప్పై! మందులు మానేశావా? పంతానికి పోయి ప్రాణం మీదకు తెచ్చుకుంటావా? బావగారు కూడా ఫోన్ ఎత్తడం లేదు. నాకు కోపమూ వస్తోంది, ఏడుపూ వస్తోంది.

ఇట్లు,
నీ తమ్ముడు

---

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను. ఆ చెయ్యి మీ బావది. జబ్బే లేని మనిషికి పెడితే నీ యంత్రం బండారం బయటపడుతుందని, కొత్త బిళ్ళ ఆయనకి అతికించాను. ఆయనా నవ్వుతూనే చెయ్యి చాపారు. నీ ఉత్తరం చదివాక నవ్వలేదు. ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. యంత్రం చెప్పింది నిజమే.

ఏడాదిగా ఒకటే దాహమట, కాళ్ళు తిమ్మిర్లట. ఎందుకు చెప్పలేదని కడిగేశాను. "ఒకరి జబ్బుకే ఇంత హైరానా పడుతున్నావు, మళ్ళీ నాదొకటి ఎందుకని," అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నాకింత కోపం ఎప్పుడూ రాలేదురా. మందులు మొదలుపెట్టారు. నాకూ ఒక బిళ్ళ పంపు. ఇద్దరి చేతులూ నీ ఫోన్లోనే ఉండాలి.

ఇట్లు,
నీ అక్క

తా.క.: షుగర్ ఎక్కినప్పుడల్లా మీ బావ నీకు ఫోన్ చేసి, అది తనది కాదు, నా చెయ్యేనని ఒట్టేసి మరీ చెప్తారు. నమ్మకు.