రంగం చెప్పినామె పేరు

సోమవారం రాత్రి, మణికొండ

మా వీధి పోచమ్మ బోనాల్లో ఈసారి రంగం, అంటే అమ్మవారి పలుకు, చెప్పింది యాదమ్మ. పూనకంలో పచ్చికుండ మీద నిలబడి, "నా తొవ్వకు అడ్డం గేటు పెట్టిన్రు, తియ్యకుంటే ఊకోను" అంది. ఆ గేటు పక్కనున్న విల్లాల వాళ్లది. రోజూ ఆమె ఊడ్చేది అక్కడే. పేరుతో సహా మా పేపరుకు వార్త పంపాను. ఎవరన్నారో చెప్పకుండా ఏ మాటా రాయను.

సాయంత్రం టీ కొట్టు దగ్గర కనిపిస్తే, "భలే అడిగావమ్మా" అన్నాను.

"నేనేమడిగిన సారూ?" అని నవ్వింది.

పూనకంలో తనన్న మాటలూ, అవి పేపర్లో ఆమె పేరుతో వస్తున్న సంగతీ చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"అమ్మ అన్నది నా పేరు మీద ఎట్ల రాస్తవు? పనిలకెల్లి తీసేస్తరు."

వెంటనే ఆఫీసుకు ఫోన్ చేశాను. పేజీ అప్పటికే అచ్చుకు వెళ్లింది.

యాదమ్మ ఆరింటికి పనిలోకి వెళ్తుంది. ఆ విల్లాల్లో పేపరు ఐదున్నరకే పడుతుంది.