ముజాహిద్ దుకాణంలో చెవుల పరీక్ష

కోరుట్ల,
18 సెప్టెంబర్ 2011

చిరంజీవి అభిలాష్‌కు, కోరుట్ల నుంచి ప్రభుదాస్ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాయునది.

మేం ఇక్కడ క్షేమం. తెలంగాణ సమ్మె మొదలైంది, రేపటి సంది బస్సులు కూడ బందంట, కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో తెల్వదు. పొద్దుందాక దీక్ష టెంట్ల కూసుంటున్న. మా టెంటు మైకు మరీ నీరసంగ ఉన్నది, ఎవడేం మాట్లాడుతున్నడో సమజైతలేదు.

అసలు సంగతికొస్త. మా తమ్ముడు సామేలు పోయినంక వాని బిడ్డ స్రవంతికి పెద్ద దిక్కు నేనే. అందుకే పోయిన ఆదివారం సిరిసిల్లకు వచ్చి మీ ఇల్లు చూసిన. వాకిట్ల నిలబడి నిన్ను మూడుసార్లు పిలిచిన. నువ్వు రెండు చెవులకు రెండు గిన్నెలు బోర్లిచ్చుకొని కంప్యూటర్ ముందట కూసున్నవ్, పలకలే. మీ అమ్మ నాగవ్వ వచ్చి వీపు మీద ఒక్కటి సరిస్తే అప్పుడు లేసినవ్. చాయ తాగుకుంట జీతమెంత అని అడిగితే పెదవులు కదిలించినవ్, మాట బయటికి రాలే.

నాకు అర్థమైంది. మీ ఇంటి చుట్టూ బట్ట నేసే సాంచాల సప్పుడు నీ చెవులను తిన్నది. చెవుల డాక్టర్ దగ్గర చీటీ తెచ్చుకో. అప్పటిదాక సంబంధం మాట ముందుకు నడువది. ఫోన్ చేయకు. ఈ సెల్లుల మనుషులు గుసగుసలు పెడతరు, నాకు నచ్చది.

జై తెలంగాణ.
ప్రభుదాస్, రైస్ మిల్లు ఇంజన్ డ్రైవర్ (రిటైర్డ్)

తా.క.: నీ చెవులకు, మీ ఇంటి చాయకు సంబంధం లేదు. చాయ మంచిగున్నదని అమ్మకు చెప్పు. గట్టిగ చెప్పు, ఆమె కూడ ఆ సాంచాల నడుమనే ఉంటది.


సిరిసిల్ల,
22 సెప్టెంబర్ 2011

గౌరవనీయులైన ప్రభుదాస్ మామ గారికి, అభిలాష్ నమస్కరించి చేసుకునే విన్నపం.

మీరు వచ్చినప్పుడు లేచి రానందుకు మన్నించండి. నా చెవులు బాగానే ఉన్నాయి. తప్పంతా కంప్యూటర్‌ది. డీటీపీ పని అయ్యాక సాయంత్రం కాసేపు స్నేహితులతో తుపాకుల ఆట ఆడతాను. అందులో బతకాలంటే శత్రువు అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో చెవితోనే పట్టాలి. నా పాత కంప్యూటర్ సౌండ్‌లో కుడి ఎడమ తెలియదు, పైగా ఎప్పుడూ సర్రుమని ఒక రొద. అందుకని హెడ్‌ఫోన్లలో సౌండ్ పూర్తిగా పెంచి ఆడుతున్నాను. మీ పిలుపు అందులో కొట్టుకుపోయింది.

దీనికి మందు, కంప్యూటర్‌కు బయట తగిలించే సౌండ్ కార్డు. చిన్న డబ్బా. ఒక వైరు కంప్యూటర్‌కు, ఇంకో వైరు చెవులకు. జగిత్యాలలో ముజాహిద్ భాయ్ దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకటి బొటనవేలంత, చౌక. రొద పోతుంది, అంతకు మించి ఏమీ ఆశించకూడదు. రెండోది పిడికిలంత. సౌండ్ పెంచి తగ్గించే గుండీ పైనే ఉంటుంది, మైకు పెట్టుకోవచ్చు, అడుగులు ముందా వెనకా అన్నది కూడా తేలిపోతుంది. ఏది తీసుకోవాలో తేల్చుకోలేక వారం నుంచి తిరుగుతున్నాను. అది వస్తే మెల్లగా పెట్టుకుని ఆడతాను, ఎవరు పిలిచినా వినబడుతుంది. దయచేసి సంబంధం ఆపకండి.

విధేయుడు,
అభిలాష్

తా.క.: స్రవంతి గారి ఫోటో చూసిన నాటి నుంచి ఆటలో అందరికన్నా ముందు చచ్చేది నేనే. దానికి మాత్రం సౌండ్ కార్డు కారణం కాదు.


కోరుట్ల,
27 సెప్టెంబర్ 2011

చిరంజీవి అభిలాష్‌కు, ప్రభుదాస్ దీవించి రాయునది.

నీ ఉత్తరం టెంట్ల అందరికి చదివి వినిపించిన. ‘ఆడతాను, తిరుగుతున్నాను’ అని రాసినవ్. రాష్ట్రం కోసం మేం ఇక్కడ ఎండల కూసుంటే నువ్వు పేపరోళ్ల భాష రాస్తవా? ఈసారి ఇంట్ల మాట్లాడినట్టు రాయి.

ఇగ దొరికినవ్ కొడుకా. అడుగుల సప్పుడు ఎటు నుంచి వస్తుందో తెలుస్తలేదని నీ చేతితోనే రాసినవ్. కుడి ఎడమ తెలియదట! చెవులకు డబ్బ తగిలించుకుంటనని కూడ రాసినవ్. దాన్నే చెవిటి మిషిన్ అంటరు. మా పక్కింటి గంగారాం కూడ చత్వారం అద్దాలు పెట్టుకొని చలువద్దాలని ఏడాది పొడుగూత చెప్పుకుంట తిరిగిండు. దాపరికం ఎందుకు?

ఒప్పుకున్నవ్ కాబట్టి పెద్దమనిషిగ సలహా చెప్తున్న, పెద్దదే కొను. గుండీ బయట లేని మిషిన్ కొనేటోడు మనిషేనా? ఇంజన్‌కు హ్యాండిల్ లోపట పెడితే ఎట్ల తిప్పుతరు? ముప్పై ఏండ్లు మిల్లుల ఇంజన్ పక్కన నిలబడ్డ, నాకు తెల్వదా? నా చెవులకు మాత్రం వెంట్రుక మందం కూడ ఏం కాలే.

అక్టోబర్ పదో తారీఖు ముజాహిద్ దుకాణంకు రా. స్రవంతి స్కూటీ మీద నేను వస్త. పరదా ఎనుక నిలబడి పది ప్రశ్నలు అడుగుత. పెదవులు చూసి జవాబు చెప్పే ఉపాయం నా దగ్గర సాగది.

జై తెలంగాణ.
ప్రభుదాస్

తా.క.: ఉత్తరం డబ్బాల వేసేది నేనే కాబట్టి ఈ రెండు ముక్కలు నావి. జవాబులు గట్టిగ చెప్పండి. ఎందుకని అడగకండి. మా ఇంట్ల ఆ మాటెత్తినోళ్లు మూడు రోజులు తిట్లు తింటరు. — స్రవంతి


కోరుట్ల,
11 అక్టోబర్ 2011

అభిలాష్‌కు, ప్రభుదాస్ బాధతోని రాయునది.

పదికి సున్న. ఒక్కో ప్రశ్న అడిగి యాభై లెక్కపెట్టేదాక ఆగిన. ఒక్క జవాబు రాలే. ఎనిమిదో ప్రశ్నకు పరదా ఊగింది, అంతే. బయటికి వచ్చినంక ముజాహిద్ చేతులు తిప్పుకుంట ఏదో చెప్పబోయిండు, నేను ఆగలే.

నువ్వు మంచోనివే. నీ మీద నాకు కోపం లేదు. కాని నా తమ్ముని బిడ్డ జీవితమంతా గోడతోని మాట్లాడుడు నేను సూడలేను. ఇంటి నిండ మనుషులుండి ముచ్చట లేని బతుకు ఎట్లుంటదో నాకెరుక. మా ఇంట్ల ఎవరు నాతోని సక్కగ మాట్లాడరు, పెదవులు ఆడిచ్చి పోతరు. ఆ కష్టం పిల్లకు వద్దు. సంబంధం వద్దు. ఇంకో పిల్లను చూసుకో.

ప్రభుదాస్

తా.క.: డబ్బ మాత్రం పెద్దదే కొన్నవ్. సంతోషం.


సిరిసిల్ల,
15 అక్టోబర్ 2011

ప్రభుదాస్ మామకు, అభిలాష్ దండం పెట్టి రాస్తున్నది.

ఇంట్ల మాట్లాడినట్టే రాస్తున్న, కోపం చేయకుండ్రి. తొమ్మిది ప్రశ్నలకు జవాబు చెప్పిన. జీతమెంత అంటే ఎనిమిది వేలన్న. తాగుతవా అంటే చాయ అన్న. వంట వస్తదా అంటే, మొన్న రోడ్డు మీద వంటావార్పుల రెండు వందల మందికి పప్పు చేసిన, ఎవరూ దవాఖానకు పోలే అన్న. ఎనిమిదోది, నువ్వు చెవిటోనివా అని అడిగిండ్రు. ‘కాదు మామా’ అని ఎంత గట్టిగ ఒర్రిన్నంటే, ఎదురుంగ ఇస్త్రీ దుకాణపాయన లోపటికొచ్చి మీ ఎనుక నుంచి ‘కాదంట’ అని చెప్పిండు. అందుకే అందరూ నవ్వి పరదా మీద పడ్డరు. పదోదానికి నేను నోరు తెరవకముందే మీ ఎనుక నుంచి వేరేటోళ్లు చెప్పిండ్రు. ఎవరో నేను రాయ.

నా మాట నమ్మకుండ్రి. ఆ దినం ముజాహిద్ భాయ్ కొత్త డబ్బకు మైకు పెట్టి పనిచేస్తుందో లేదో చూస్తున్నడు. పరీక్ష మొత్తం కంప్యూటర్ల రికార్డయింది. ఒక్కసారి పోయి, ఆ గిన్నెలు చెవులకు పెట్టుకొని వినుండ్రి. గుండీ మీకు ఇష్టమున్నంత తిప్పుకోండ్రి. విన్నంక గూడ వద్దంటే ఇంక అడుగ. కాని మామా, నాకు స్రవంతే కావాలె. ఇంకో పిల్లను చూసుకొమ్మని ఇంకోసారి రాయకుండ్రి.

మీ
అభిలాష్

తా.క.: డబ్బ దుకాణంలనే ఉంచిన. ఆడబుద్ధయితలేదు. ఆటల నన్ను రోజు సంపేటోళ్లు, పానం మంచిగున్నదా అని ఫోన్లు చేస్తున్నరు.


కోరుట్ల,
31 అక్టోబర్ 2011

చిరంజీవి అభిలాష్‌కు, ప్రభుదాస్ తల వంచుకొని రాయునది.

బస్సులు నడుస్తున్నయి. పోయిన సోమవారం స్రవంతిని తీసుకొని జగిత్యాల పోయిన. నీ అబద్ధం బయటపెట్టనీకే పోయిన, ఉన్నమాట చెప్తున్న. ముజాహిద్ గిన్నెలు నా చెవులకు పెట్టి గుండీ సగం తిప్పిండు. ఏం లేదు. ‘సూసినవా’ అన్న. ఇంకింత తిప్పిండు. ఎవడో ముసలోడు ఎద్దును అదిలించినట్టు ఒర్రుతున్నడు. ఎవడు వీడని అడిగితే ముజాహిద్ నా దిక్కే చూపించిండు. గుండీ కొసదాక తిప్పినంక నీ జవాబులు వినబడ్డయి. తొమ్మిది. ఇస్త్రీ ఆయన ‘కాదంట’ కూడ వినబడ్డది.

పదోది, మా బిడ్డను మంచిగ సూసుకుంటవా అని ఆ ముసలోడు అడిగిండు. ఒక ఆడపిల్ల జవాబు చెప్పింది. ‘సూసుకుంటడు పెద్దబాపు. నాకు నచ్చిండు. ఒప్పుకో’ అన్నది.

ఈ పిల్ల ఎవరని అడిగిన. పక్కకు సూస్తే స్రవంతి కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తున్నది.

దాని గొంతు నాకు ఎరుకే కొడుకా. పన్నెండేండ్ల పిల్ల గొంతు, సన్నగ. ఇంకా అదే ఉన్నదనుకున్న. పెద్దగైనంక దాని గొంతు నేను ఎన్నడు వినలే. పదేండ్ల సంది దాని పెదవులు సూసి సమజ్ చేసుకుంటున్ననన్న సంగతి గూడ నాకు తెల్వదు. ఎవరన్న చెప్తే తిట్టిన. ఇన్నేండ్లకు అది మాట్లాడంగ విన్న మొదటి మాట నిన్ను చేసుకుంటనని. ఇంక నేను కాదనేది ఏమున్నది?

కరీంనగర్‌ల డాక్టర్ దగ్గర మిషిన్ పెట్టించుకున్న. గోరంత ఇచ్చిండు. పిడికిలంతది కావాలని కొట్లాడితే లేదన్నడు. లగ్గం డిసెంబర్‌ల పెట్టుకుందాం, మీ అమ్మను అడిగి రాయి. డబ్బ ఇంటికి తెచ్చుకొని ఆడుకో.

జై తెలంగాణ.
ప్రభుదాస్

తా.క.: నిన్న మిషిన్ పెట్టుకొని చర్చికి పోయిన. రత్నమాలమ్మ పాట అమోఘమని పదేండ్ల సంది ప్రతి ఆదివారం అందరి ముందట మెచ్చుకుంటున్న. ఆమె నా మాట మీద ఒక పాటను మూడు చేసింది. సంఘంల ఎవరూ నాతోని ఎందుకు మాట్లాడరో నిన్న సమజైంది.