అర్థంకాని విద్యార్థిని

5 మార్చి 2007, సోమవారం

కొత్త పని దొరికింది. జూబ్లీహిల్స్‌లో ఒక ఆన్‌లైన్ స్కూలు. అక్కడి టీచర్లు కంప్యూటర్ ముందు కూర్చుని అమెరికా పిల్లలకు లెక్కలు చెబుతారు. పిల్లలు కనపడరు, హెడ్‌ఫోన్లో గొంతు మాత్రమే. ఎదురుగా మనిషి లేకుండా మాట్లాడటం టీచర్లకు చేతకావడం లేదని మేనేజర్ హరిణి చెప్పింది. పదిహేనేళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతూ నేను చేస్తున్నది అదే. మైకు ముందు ఒంటరిగా నిలబడి ఎంతమంది హీరోయిన్ల తరఫున ఏడ్చానో! రెండు వారాలు వాయిస్ ట్రైనింగ్ ఇవ్వమంది. సరే అన్నాను.

పదో తరగతి లెక్కల్లో తప్పానని చెప్పలేదు. ఆమె అడగలేదు.

6 మార్చి

నలుగురు టీచర్లు. ముగ్గురు ఫర్వాలేదు. నాలుగో ఆయన ఓదెలు సార్, కరీంనగర్ వైపు మనిషి. పద్దెనిమిదేళ్లు అరవైమంది పిల్లల క్లాసులో చెప్పిన గొంతు. మైకు టెస్టుకి గుడ్ మార్నింగ్ అన్నాడు. హరిణి హెడ్‌ఫోన్ పీకి పారేసింది.

8 మార్చి

గొంతు తగ్గించమన్నాను. ఎట్ల తగ్గియ్యాలె మేడం, ఎనక బెంచోళ్లకు ఇనబడొద్దా, అన్నాడు. వెనక బెంచీయే లేదని నచ్చజెప్పేసరికి టీ బ్రేక్ అయింది.

9 మార్చి

లవ్ సీన్లో హీరోయిన్ చెవిలో చెప్పినట్టు చెప్పమన్నాను. తప్పు నాదే. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్‌ని ఎంత మత్తుగా చెప్పాడంటే, మిగతా ముగ్గురూ బయటికెళ్లి నవ్వుకుని వచ్చారు. ఆయనకి ఒకటే చెమటలు. గిట్ల మా ఇంటామెతోని గూడ ఎన్నడు మాట్లాడలే మేడం, అన్నాడు.

12 మార్చి

శుక్రవారం డెమో. ఓదెలు సార్ అందులో తప్పితే పంపించేస్తారట. ఆయన ఎర్రగడ్డలో ఇల్లు కిరాయికి తీసుకుని ఇంటిల్లిపాదినీ తెచ్చుకున్నాడు. పాత స్కూల్లో ఆయన పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారు. ఇదంతా చెప్పి, ఫికర్ చేయకుండ్రి మేడం, అని నన్నే ఓదార్చాడు.

13 మార్చి

ప్రాక్టీసుకి స్టూడెంట్ కావాలి. ఎవరూ ఖాళీ లేక పక్క గదిలో నేనే హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఇంగ్లీషులో గర్జిస్తూ భిన్నాల భాగహారం చెప్పాడు. తర్వాత ప్రశ్న. అరను పావుతో భాగిస్తే ఎంత?

కాగితం మీద అర, పావు రాసి, అక్కడే ఆగిపోయాను.

ఆయన గర్జించడం ఆపేశాడు. మెల్లగా, తెలుగులో అడిగాడు: బిడ్డా, ఏడ ఆగిపోయినవ్?

చెప్పేశాను. రెండో భిన్నాన్ని ఎందుకు తలకిందులు చేస్తారు? ఏడో తరగతిలో ఇది అడిగితే మాస్టారు బెంచీ ఎక్కించారు. మళ్లీ ఎవర్నీ అడగలేదు. పది తప్పాను. అదీ చెప్పేశాను.

ఓదెలు సార్ నవ్వలేదు. లీటరు నూనె పావు లీటరు సీసాలల్ల పోస్తే ఎన్నైతయ్ అన్నాడు. నాలుగన్నాను. మరి అర లీటరైతే? అందులో సగం, రెండు. గంతే బిడ్డా, పావు తిరగబడి నాలుగైంది గందుకే, అన్నాడు.

అంతేనా! ఇన్నేళ్లూ ఇంతేనా! ఏడ్చేశాను. రీటేక్ అక్కర్లేని ఏడుపు.

ఆ గొంతే కావాలి సార్, అన్నాను. ఏ గొంతు, అన్నాడు. ఆయనకు తెలియనే తెలియదు.

16 మార్చి, ఉదయం 7

డెమో అయింది. అటు ఓ అమెరికా పిల్ల. ఓదెలు సార్ మొదట గర్జించాడు. పిల్ల ఉలకదు, పలకదు. ఆయన గది అద్దం ఇవతల, హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటున్న నేను కళ్లు మూసుకున్నాను. ఆయన ఆగాడు. వేర్ యూ స్టాప్డ్, అమ్మా? అన్నాడు. అంతే, ఆ పిల్ల మాట్లాడటం మొదలుపెట్టింది. టైమ్ అయిపోయినా ఆపలేదు.

పాస్!

19 మార్చి

హరిణి పిలిచింది. ఓదెలు సార్ మంగళవారం జరిగిందంతా చెప్పేశాడట. నా పదో తరగతి సంగతితో సహా. చచ్చాననుకుంటూ వెళ్లాను.

వాయిస్ ట్రైనింగ్ ఇక వద్దట. పర్మనెంట్ పోస్టు ఇస్తారట. టీచర్ల ప్రతి బ్యాచ్‌కీ స్టూడెంట్‌ని నేనే. అర్థం కాకపోవడమే ఉద్యోగం. మిగతా వాళ్లంతా అర్థమైనట్టు తలూపేస్తారు, పనికిరారు, అంది.

సంతోషమే. కానీ భిన్నాలు ఇప్పుడు నాకు వచ్చేశాయి.

2 ఏప్రిల్

కొత్త బ్యాచ్. ట్రిగనామెట్రీ. ఒక్క ముక్క అర్థం కాలేదు. దేవుడున్నాడు.