చెడిపోయిన ముక్కల పట్టిక

ప్రియమైన అక్కకి,

మనకు తెలిసింది పదిమందికీ చెప్పేస్తే మనకేం మిగులుతుంది? చదువుకునే రోజుల నుంచీ నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇది. ఇప్పుడు మనింటి మీదికే వచ్చింది.

నిన్న పక్క ఫ్యాక్టరీకి వెళ్ళాను. వాళ్ళ ఎండు టమాటా ముక్కలు అచ్చం మనవాటిలాగే ఎర్రగా ఉన్నాయి. ఆర్నెల్ల కిందట నల్లబడిపోయేవి. ఏ వేడిలో ఆరబెడితే రంగు నిలుస్తుందో నీకు, నాకు, బావగారికి తప్ప ఎవరికీ తెలియదు. విశ్వవిద్యాలయం వాళ్ళు మనతో, వాళ్ళతో కలిపి మూడు చిన్న కంపెనీలనూ కూర్చోబెట్టి చేయించిన ఒప్పందం ఒక్కటే కదా: కుదరని ప్రయోగాలు పట్టిక రాసి పంచుకోవాలి, కుదిరినవి ఎవరివి వాళ్ళు దాచుకోవచ్చు.

బావగారు ఆ పక్క ఫ్యాక్టరీ ఇంజనీరుతో గేటు దగ్గర గంటలకొద్దీ నిలబడతారు. "ఏంటండీ బావగారూ అంత ముచ్చట?" అంటే, "నీకన్నీ అనుమానాలే మరదలా! వానల గురించి కూడా మాట్లాడుకోకూడదా?" అని నవ్వేశారు. ఆ నవ్వు నాకు మింగుడుపడలేదు.

నీ కాపురంలో చిచ్చు పెడుతున్నానని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆయన్ని భాగస్వామ్యం నుంచి తప్పించు, లేదా నేను తప్పుకుంటాను.

నీ చెల్లి

అక్కా, ముందు నన్ను తిట్టుకో.

నా ఉత్తరం చూసి బావగారు మూడు రోజులుగా ఫ్యాక్టరీ గడప తొక్కలేదన్నావు. ఈరోజు మూడు కంపెనీల సమావేశంలో ఉండబట్టలేక ఆ ఇంజనీరుని అందరి ముందూ నిలదీశాను.

"మా వేడి ఎంతో మీకెవరు చెప్పారు?"

"మీరేనండీ!" అంటూ బిత్తరపోయి, నేనిచ్చిన పట్టికే తీసి బల్లమీద పరిచాడు. చెడిపోయిన ముక్కల పట్టిక, నా చేతిరాత. యాభై, యాభై అయిదు, అరవై అయిదు, డెబ్బై. "అయిదైదు డిగ్రీలు పెంచుకుంటూ వచ్చిన మనిషి అరవై దగ్గర గెంతేస్తారా మేడం? మీరు మరిచిపోయే రకమా?"

అందరూ నవ్వారు. నేను తలెత్తలేకపోయాను. అడక్కుండానే ఇంకోటి చెప్పాడు: ట్రేలో పలచటి గుడ్డ పరిస్తే ముక్కలు అంటుకోవట. ఆ అంటుకోవడంతోనే మనం రెండేళ్ళు కుస్తీ పట్టాం. ఊరికే ఎందుకు చెప్పాడా అని వెంటనే మళ్ళీ అనుమానం. నా బుద్ధి ఇంతే.

రేపు వచ్చి బావగారిని క్షమించమంటాను. ఎన్ని మాటలన్నా పడతాను.

వచ్చేవారం కొత్త పట్టిక ఇవ్వాలి. ఖాళీ కనిపించకుండా కుదిరినదాన్ని దాచాలంటే కుదరనివి కూడా కొన్ని మింగేయాలి, అది అబద్ధం. అన్నీ రాస్తే నీ కష్టం కూడా ధారపోసినట్టే. ఏది చెయ్యాలో నాకింకా తేలలేదక్కా.

నీ చెల్లి