పడవలో నీ చోటు

అన్నయ్యా,

నోమ్ పెన్ నగరంలో జరిగే పందేల పడవలోంచి నిన్ను దింపేశారని వదిన ఫోనులో చెప్పింది. తెడ్డు వేస్తూ కళ్లు తిరిగి పడ్డావట. "పడవ తల్లికి వీడు గిట్టడం లేదురా, వీణ్ణి కూచోబెడితే అందర్నీ ముంచుతుంది" అన్నాడట మీ నాయకుడు సారుణ్.

పడవను కాచే ఆ తల్లికేం కోపం లేదు. పున్నమి అని నువ్వు బౌద్ధ విహారంలో ఉపవాస శీలం పట్టి మధ్యాహ్నం నుంచి మెతుకు ముట్టలేదు. చక్కెర జబ్బు మాత్ర మాత్రం మానలేదు. ఆపైన సాయంత్రం తెడ్డు పట్టావు. పనిచేసే కండ రక్తంలోని చక్కెరను తనంతట తానే లాక్కుంటుంది, పడవ దిగాక కూడా గంటల తరబడి లాక్కుంటూనే ఉంటుంది. అందుకే చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరిగాయి. నీకు అర్థమయ్యేలా చెబుతున్నానో లేదో. అలాగని తెడ్డు మానకు. సాధన చేసిన ఆ కండలే నీకు సగం మందు.

భిక్షువుగారిని అడిగాను. "శీలంలో ఉన్నా తాటిబెల్లం నీళ్లు తాగొచ్చమ్మా, మొండివాడికి మీరే చెప్పండి" అని నవ్వారు. మాత్ర సంగతి డాక్టరుతో మాట్లాడు.

ఇదంతా సారుణ్‌కి చదివి వినిపించు. అప్పటికీ ఒప్పుకోకపోతే శనివారం వచ్చి నీ చోట్లో నేనే కూచుంటానని చెప్పు. ఆడదాన్ని పందెం పడవ ఎక్కించడం కన్నా నిన్ను ఎక్కించుకోవడమే నయమని వెంటనే తేల్చుకుంటాడు.

నీ చెల్లి