అబిగేయిల్ గోత్రం

డబ్లిన్,
ఆదివారం.

నానమ్మకు ధరణి నమస్కారాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని, బాబాయి వాళ్లంతా కులాసా అని చదివి సంతోషించాను. ఫోనులో నీకు సరిగా వినపడదు కాబట్టే నాకీ ఉత్తరాలు రాసే భాగ్యం దక్కింది. ఆ భాగ్యాన్ని ఏం చేసుకున్నానో ఈసారి చెప్పాలి.

ముందు నీ ప్రశ్నలు. చలి ఉంది, స్వెట్టర్ చాలుతోంది. పచ్చడి సీసా ప్రెస్‌లో పెట్టాను. ఇక్కడ అలమరాను ప్రెస్ అంటారు. గదిలో నాతో ఉండే సుధేష్ణ అప్పుడే సగం ఖాళీ చేసింది.

ఇక మూడోది. "మీ ఓనరు అబిగేయిల్‌కు జ్వరం తగ్గిందా? శుక్రవారం గుడిలో ఆమె పేరున అర్చన చేయించాను. పూజారి గోత్రం అడిగితే మనదే చెప్పాను. మా పిల్లకు గంజి కాచి పోసిన మనిషి పరాయిదెలా అవుతుంది?" అని రాశావు.

ఆ ముక్క పైకి చదివితే సుధేష్ణ పడీపడీ నవ్వింది.

"అబిగేయిల్ ఎవరే తల్లీ? మన ఓనరు మొహం లీజు రాసిన రోజు తప్ప చూశామా?"

నేను నవ్వలేదు. నన్ను చూసి అదీ ఆపేసింది.

నానమ్మా, నేను అలా రాశాను గానీ, అబిగేయిల్ మా ఇంటి ఓనరు కాదు. ఇంగ్లండులో ఒక పల్లెటూరి పాస్టరు రెండు వందల ఏళ్ల కిందట రాసుకున్న డైరీని టైపు చేయమని మా ప్రొఫెసరు నాకిచ్చారు. అబిగేయిల్ ఆయనింట్లో పనిమనిషి. ఆ గంజి తాగింది ఆయన. నావని నీకు రాసిన కిటికీ దగ్గరికొచ్చే పిట్ట, మంచు బరువుకు విరిగిన యాపిల్ కొమ్మ, అన్నీ ఆయనవే. ఆయన మాటలు అంత బాగుంటే, బస్సు, లైబ్రరీ, మైక్రోవేవ్ తప్ప ఏమీ లేని నా రోజులు నీకు రాయబుద్ధి కాలేదు. నువ్వవి వీధిలో అందరికీ చదివి వినిపిస్తున్నావని తెలిశాక ఇంకా ఎక్కువ రాశాను.

మొన్న తర్వాతి పేజీ వచ్చింది. "అబిగేయిల్ పోయింది. వాన." అంతే. ఆ కింద, ఆ పూట తిన్న కుందేలు కూర గురించి ఆరు వరుసలు. ఆయన మీద కోపం రాబోయి, సిగ్గేసింది. ఆయన ఆమెతో గంజి కాయించుకున్నాడు. నేను ఆమెను చూపించి నీ మెప్పు పొందాను. ఆమెకెలా ఉందని అడిగింది నువ్వొక్కదానివే.

వీధిలో వాళ్లకు నిజం చెప్పెయ్. ఈ ఉత్తరంలో మాటలన్నీ నావే, అంత బాగా లేవని తెలుసు. నన్ను ఎన్ని తిట్టినా పడతాను. ఆమెకిచ్చిన గోత్రం మాత్రం వెనక్కి తీసుకోకు.

ఇట్లు,
తలెత్తి నీకు రాయలేని
నీ మనవరాలు,
ధరణి