రెండు వరుసల సున్నుండల డబ్బా

అత్తయ్యగారికి,

నమస్కారాలు. డబ్బా కింద పెట్టి ఇది చదవండి. ఈపాటికి మీరంతా మన నవదీప్ పెళ్ళిచూపులకు నోయిడా చేరి ఉంటారు. మా ల్యాబులోకి ఫోన్లు తేనివ్వరు. ఈ గొడవంతా ఇది తెస్తున్న డ్రైవర్ భయ్యాకి హిందీలో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఉత్తరం.

సున్నుండలన్నీ ఆ ఒక్క డబ్బాలోనే పట్టాలన్నారు కదా. నా ఉద్యోగమే అది: తుపాకీ మ్యాగజైన్ సైజు పెంచకుండా ఎక్కువ తూటాలు పట్టించడం. అలాగే ఉండల్ని అటొకటి ఇటొకటిగా రెండు వరుసల్లో పేర్చి, అడుగున పైకి తోసే గట్టి స్ప్రింగు పెట్టాను. "అల్లుడుగారి బుర్రే బుర్ర" అని మీరూ మెచ్చుకున్నారు.

అయితే మ్యాగజైన్‌కి పైఅంచులు లోపలికి వంచి ఉంటాయి, తూటాలు ఎగిరిపోకుండా. డబ్బాకి అవి పెట్టడం మరిచిపోయాను. ఇందాక టీ తాగుతుంటే గుర్తొచ్చింది.

కాబట్టి కాబోయే వియ్యంకుల చేత మూత తీయించకండి. గోడవైపు తిప్పి నవదీప్‌నే తీయమనండి.

ఒకవేళ ఇప్పటికే తీసేసి ఉంటే, నా తరఫున వాళ్ళకి క్షమాపణ చెప్పండి. ఉండలన్నీ బయటికొచ్చాయో, మధ్యలో ఇరుక్కున్నాయో మాత్రం కాస్త చూసి రండి. ఇక్కడ మా మ్యాగజైన్‌లో తూటా రోజూ ఇరుక్కుపోతోంది.

మీ అల్లుడు